గురువుగారి క్యాసెట్ల కోసం సౌండ్ కార్డు ఎంచుకున్న విధం

తిరుపతిలో మా గురువుగారు ఇంట్లో చెప్పిన సంగీత పాఠాలను ఆ రోజుల్లో క్యాసెట్లలోకి ఎక్కించుకున్నాను. వాటిలో అన్నమాచార్య సంకీర్తనలే ఎక్కువ. ఆయన ఇప్పుడు లేరు. ఆయన వేసిన సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) ఆయన గొంతులోనే వినాలంటే ఈ టేపులు తప్ప వేరే దారి లేదు. అవి పాడైపోకముందే కంప్యూటర్‌లో భద్రపరచాలని పూనుకున్నప్పుడు ముందుగా తేల్చుకోవలసి వచ్చినది టేపు ధ్వనిని కంప్యూటర్‌లోకి ఎక్కించే సౌండ్ కార్డు విషయం.

మొదట మదర్‌బోర్డు మీద ఉన్న ఆడియో చిప్పునే పరీక్షించాను. పాటలు వినడానికి అది చక్కగా సరిపోతుంది, కానీ రికార్డింగు సంగతి వేరు. బయటి పరికరాల ధ్వనిని లోపలికి తీసుకునే లైన్ ఇన్‌కు ఏదీ తగిలించకుండా కాసేపు రికార్డు చేసి, ఆ ఫైలు స్థాయిని బాగా పెంచి హెడ్‌ఫోన్‌లో విన్నాను. సన్నటి బుస ఎలాగూ ఉంటుంది. దాని వెనకాల మౌస్ కదిపినప్పుడల్లా కీచుమనే చప్పుడు, తెర మీద పేజీ జరిపితే గరగర వినబడ్డాయి. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు లాగే కరెంటులోని హెచ్చుతగ్గులు పక్కనే ఉన్న అనలాగ్ సర్క్యూట్‌లోకి చొరబడితే ఇలా జరుగుతుంది. టేపుకు కూడా బుస ఉంటుంది గనుక ఇది అందులో కలిసిపోతుందని ఒక మిత్రుడు అన్నాడు గానీ, నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. టేపు బుస ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి చెవి దానిని కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. మారుతూ ఉండే చప్పుడు మాత్రం ప్రతిసారీ అడ్డం పడుతుంది. గురువుగారు చరణం ముగించాక తంబురా ఒక్కటే మోగే చోట ఆ తేడా స్పష్టంగా తెలిసింది.

సౌండ్ కార్డుల అట్టపెట్టెల మీద వేసే అంకెల విషయంలో నేను ఎక్కువ సేపు తర్జనభర్జన పడలేదు. ధ్వనిని కొలిచే ఒక్కో కొలతకు 16 బిట్లు వాడితే అతి సన్నటి, అతి పెద్ద ధ్వనుల మధ్య సుమారు 96 డెసిబెల్స్ పరిధి వస్తుంది, మామూలు క్యాసెట్‌కు అందులో రమారమి సగమే ఉంటుంది. అయినా 24 బిట్లలోనే రికార్డు చేయడం మేలు, ఎందుకంటే గొంతు ఒక్కసారిగా పైకి లేచినా పగిలిపోకుండా స్థాయిని తగ్గించి పెట్టుకోవచ్చు. 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగు, అంటే సెకనుకు 48 వేల సార్లు ధ్వనిని కొలవడం, 24 కిలోహెర్ట్జ్ దాకా ధ్వనిని పట్టగలదు. మనిషి చెవికి 20 దాటితే వినబడదు. 192 కిలోహెర్ట్జ్ ఎంచుకుంటే ఒక గంట పాఠానికి ఒక జీబీ పట్టే చోట నాలుగు జీబీలు పడుతుంది, అంతకు మించి ఒరిగేది లేదు.

ఊళ్లోని దుకాణంలో అడిగితే, "గేములకా సార్, పాటలకా?" అన్నారు. రికార్డింగు కోసమని చెప్పగానే, "అట్లయితే చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ఆన్‌లైన్‌లోనో చూసుకోవాల సార్" అని ఉన్నమాట చెప్పారు. ఈలోగా ఒక మిత్రుడు తన కంప్యూటర్‌లోంచి తీసిన, మదర్‌బోర్డులో గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ సౌండ్ కార్డును వాడి చూడమని ఇచ్చాడు. ధ్వని విషయంలో దానికి వంక పెట్టలేను, తంబురా నాదం శుభ్రంగా వచ్చింది. చిక్కంతా డ్రైవర్‌తోనే, అంటే కార్డును విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్‌తోనే. కంప్యూటర్ నిద్రావస్థ నుంచి లేచాక ఒక్కొక్కసారి లైన్ ఇన్ జాబితాలో కనబడేది కాదు. విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి వచ్చాక పూర్తిగా మాయమైంది. తయారీదారు కొత్త డ్రైవర్ విడుదల చేయడం ఎప్పుడో మానేశాడు. 2007లో విస్టా అనే కూర్పు వచ్చి విండోస్ ధ్వని వ్యవస్థను సమూలంగా మార్చినప్పుడు కూడా మంచి మంచి కార్డులు ఎన్నో ఇలాగే మూలపడ్డాయి. కార్డు చెడిపోకుండానే పనికిరాకుండా పోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

అప్పటి నుంచి ధ్వని కంటే ముందు డ్రైవర్ గురించే ఆరా తీయడం మొదలుపెట్టాను. యూఎస్‌బీ ఆడియో క్లాస్ అనే ఉమ్మడి ప్రమాణం ఒకటి ఉంది. దానిని పాటించే పరికరానికి తయారీదారు డ్రైవర్ లేకపోయినా ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్న డ్రైవరే పని నడిపిస్తుంది. ఈ ప్రమాణపు రెండో కూర్పుకు లినక్స్, మాక్‌లలో ముందునుంచే మద్దతు ఉండగా, విండోస్ 10లో అది 2017 నాటి 1703 అప్‌డేట్‌తో వచ్చింది. పరికరం నిజంగా ఆ ప్రమాణాన్ని పాటిస్తుందో లేదో తెలుసుకోవడానికి తేలికైన మార్గం, పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా దానిని తగిలించి చూడటమే. తెలిసినవారి దగ్గర ఉన్న ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 అనే యూఎస్‌బీ సౌండ్ కార్డును ఇలా పరీక్షించి, తగిలించగానే పలకడంతో, అదే కొన్నాను. అనలాగ్ భాగం కంప్యూటర్ పెట్టె బయటే ఉంటుంది గనుక మౌస్ కీచు కూడా పోయింది.

కొన్నాక ఇంకొక పరీక్ష చేశాను. దాని అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే వైరుతో కలిపి, 1000 హెర్ట్జ్ స్వరాన్ని క్యాసెట్ ఒక వైపు నడిచేంత సేపు రికార్డు చేశాను. మధ్యలో ఒక్క శాంపిల్ జారిపోయినా ధ్వనిలోని పౌనఃపున్యాలను కాలక్రమంలో బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో నిలువు గీత పడుతుంది. ఒక్కటి కూడా పడలేదు. ఆ తరువాత టేప్ డెక్‌ను ఆంప్లిఫయర్ ద్వారా కలిపితే 50 హెర్ట్జ్ గుయ్ మనే మోత వచ్చింది. ఆంప్లిఫయర్, కంప్యూటర్ వేరువేరు ప్లగ్గుల నుంచి ఎర్త్ తీసుకోవడమే దానికి కారణం. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చాక చాలావరకు తగ్గింది, ఆంప్లిఫయర్‌ను తప్పించి డెక్ నుంచి నేరుగా లైన్ ఇన్‌కు వైరు లాగాక పూర్తిగా పోయింది. గొంతు గరిష్ఠ స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర, అంటే రికార్డింగు పట్టగల హద్దుకు 12 డెసిబెల్స్ దిగువన ఆగేటట్టు నాబ్ సరిచేసి పాఠాలు ఎక్కిస్తున్నాను. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా, కొత్త క్యాసెట్ పెట్టేముందు ఆ 1000 హెర్ట్జ్ పరీక్షను మళ్లీ చేసి చూసుకుంటున్నాను.