పళ్ళ వ, సున్నా వ

కారెక్కి బెల్టు పెట్టుకునేదాకా మా పాప ఏమీ మాట్లాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగాక అడిగింది.

"అమ్మా, వేల్ అంటే ఉంది కదా, సముద్రంలో?"

"ఉందమ్మా, తిమింగలం. ఏం?"

"నేను వేల్ అంటే అందరూ అదేంటి అన్నారు. మళ్ళీ చెప్పాను. నవ్వారు."

అద్దంలో చూశాను. నీలం క్రేయాన్‌తో వేసిన తిమింగలం బొమ్మ ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాసేపాగి మెల్లగా అంది, "నువ్వు చెప్పినట్టే చెప్పాను."

ఆ ఒక్క మాట నాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

అది పుట్టింది ఇక్కడే, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. మా ఇద్దరి ఉద్యోగాల వల్ల ఏడాదిన్నర వయసులో తెనాలిలో మా అమ్మ దగ్గర ఉంచి, నాలుగేళ్ళు దాటాక తెచ్చుకున్నాం. వచ్చేనాటికి దాని నోట్లో అచ్చమైన తెనాలి తెలుగు ఉంది. ఇంగ్లీషు మా దగ్గర, టీవీ దగ్గర కొంత నేర్చుకుని కిండర్‌గార్టెన్‌లో చేరింది. వేల్ అనే మాట మాత్రం నేనే నేర్పాను, బొమ్మల పుస్తకం చూపిస్తూ.

ఆ రాత్రి బాత్రూం అద్దం ముందు నిలబడి అదే మాట నేను అని చూసుకున్నాను. తిమింగలం, పెళ్ళికూతురి మేలిముసుగు, ఈ రెండింటికీ ఇంగ్లీషులో వేరు వేరు మాటలు. నా నోట్లో రెండూ ఒక్కటే, వేల్. పడమరా, చేతుల్లేని కోటూ ఒక్కటే. తడీ, పశువుల డాక్టరూ ఒక్కటే. తెలుగులో రాసినా తేడా తెలియదు, వెస్ట్ అంటే వెస్టే, వెట్ అంటే వెట్టే. మనకున్నది ఒకే వ.

ఇంగ్లీషుకి రెండున్నాయి. వీ అక్షరానికి పై పళ్ళు కింది పెదవి మీద ఆనాలి, గొంతు మోగాలి, ఆ సందులోంచి గాలి తుమ్మెద చప్పుడుతో బయటికి రావాలి. డబ్ల్యూకి పళ్ళతో పనే లేదు. పెదవులు రెండూ ఈల వేయబోతున్నట్టు గుండ్రంగా ముందుకొచ్చి వెంటనే విడిపోవాలి. మన వ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పళ్ళు పెదవి దాకా వస్తాయి కానీ గట్టిగా ఆనవు, రాపిడి ఉండదు. అందుకే వీ కోసం చూసే చెవికి అది డబ్ల్యూలా, డబ్ల్యూ కోసం చూసే చెవికి వీలా వినిపిస్తుంది. మనం పలికేది ఒకటే, వాళ్ళకి మాత్రం చాలాసార్లు రెండోదే అందుతుంది. మా పాప ఇంగ్లీషులో అగ్నిపర్వతం అన్నా, కిటికీ అన్నా క్లాసులో జరుగుతున్నది ఇదే.

తర్వాతి వారం స్కూల్ నుంచి కాగితం వచ్చింది. స్పీచ్ పరీక్ష చేయాలనుకుంటున్నాం, సంతకం పెట్టండి అని. దాంతోపాటు ఒక టీచర్ నన్ను పక్కకి పిలిచి, చాలా మర్యాదగానే, "కొన్నాళ్ళు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడితే పాపకి తేలికవుతుంది" అన్నారు.

నాకు చాలా టెన్షన్ వచ్చింది. ఆ టెన్షన్‌లో ఆవిడ మాట విన్నాను. రెండు వారాలు మా ఆయనా నేనూ ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాం. "అన్నం తిను బంగారం" అనాల్సిన చోట ఇంగ్లీషులో ఏదో అన్నాను. అది తినడం తిన్నది, కానీ నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. రాత్రి కథ ఇంగ్లీషులో చదివితే మధ్యలో లేచి వెళ్ళిపోయింది. రెండో ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసినప్పుడు ఫోన్ ముందు కూర్చుని నోరు విప్పలేదు. "ఏం నా తల్లీ, అమ్మమ్మతో మాట్లాడవా?" అని అమ్మ అడుగుతుంటే అది నా మొహం చూసింది. ఏ భాషలో మాట్లాడాలో నన్ను అడుగుతోంది. ఐదేళ్ళ పిల్ల అమ్మమ్మతో మాట్లాడటానికి అనుమతి అడుగుతోంది.

ఆ కాల్ అయ్యాక దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెలుగులో చాలాసేపు మాట్లాడాను. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు మా ఇంట్లో మళ్ళీ ఆ ప్రయోగం చేయలేదు.

స్పీచ్ థెరపిస్ట్ పరీక్షకి మాత్రం ఒప్పుకున్నాం. ముందు చెవులు చూశారు, వినికిడి బాగుంది. తర్వాత బొమ్మలు చూపించి మాటలు చెప్పించారు. ఇంట్లో ఏ భాష, ఎవరెవరు ఎంత మాట్లాడతారు, తెలుగులో పాప మాటలు అందరికీ అర్థమవుతాయా అని నన్ను చాలాసేపు అడిగారు. చివరికి చెప్పినది ఇది: పాపకి మాట లోపం ఏమీ లేదు, మిగతా శబ్దాలన్నీ వయసుకి తగ్గట్టు ఉన్నాయి, వ తేడా తెలుగు నుంచి వచ్చింది, థెరపీ అక్కర్లేదు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలా అని అడిగాను. అవసరం లేదని గట్టిగా చెప్పారు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకి మాట లోపం రాదు అన్నారు.

మనవాళ్ళు చాలామందికి తెలియదు కాబట్టి ఇక్కడ చెప్పాలి. అమెరికాలో ఐడియా అనే ఫెడరల్ చట్టం ప్రకారం, ప్రత్యేక సేవలు కావాలా అని స్కూల్ మొదటిసారి పిల్లని పరీక్షించాలంటే తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వీలైనంతవరకు పిల్ల మాతృభాషలో పరీక్షించాలి. ఇంగ్లీషు ఇంకా సరిగ్గా రాకపోవడమే కారణమైతే, దాన్ని చూపించి లోపం ఉందని తేల్చకూడదు. ఆషా అని పిలిచే స్పీచ్ థెరపిస్టుల జాతీయ సంఘం కూడా యాసని తేడాగానే చూడాలి, లోపంగా కాదు అంటుంది. ఈ నాలుగు ముక్కలు ముందే తెలిసి ఉంటే ఆ రెండు వారాలు నేను మా పాపతో అలా ఉండేదాన్ని కాదు.

లోపం కాదు సరే, క్లాసులో నవ్వుతున్నారు కదా. ఆ తేడా నేర్పాలి. నేర్పాలంటే ముందు నాకు రావాలి. నాకు రావాలంటే ముందు వినపడాలి.

అసలు కష్టం అక్కడే. 1984లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు కెనడా పరిశోధకులు పసిపిల్లల చెవుల మీద చేసిన పని ప్రచురించారు. ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని ట, త తేడా పట్టేశారు. ఏడాది దగ్గరపడేసరికి చాలామందికి ఆ తేడా అందలేదు. ఇంట్లో వినపడే భాషకి ఏది అవసరమో చెవి దానికి అలవాటు పడిపోతుంది. మనకి ఇంత స్పష్టంగా ఉండే ట, త వాళ్ళకి ఒకటైపోయినట్టే, నా చెవికి వీ, డబ్ల్యూ ఒకటైపోయాయి. ఇది చదివాక నా మీద నాకు కోపం పోయింది.

థెరపిస్ట్ ఇంట్లో చేయడానికి కొన్ని చిట్కాలు చెప్పారు. వారానికోసారి గంట కాదు, రోజూ ఐదు నిమిషాలు. ముందు వట్టి శబ్దం, తర్వాత అచ్చుతో కలిపి, తర్వాత మాట, తర్వాత వాక్యం. అద్దం ముందు కూర్చునేవాళ్ళం. వీకి మా పాప "పళ్ళ వ" అని పేరు పెట్టింది. డబ్ల్యూ "సున్నా వ" అయింది, నోరు సున్నా చుడుతుంది కాబట్టి.

పళ్ళ వ తొందరగానే వచ్చింది. దారి కాఫీలో దొరికింది. కాఫీ, ఫోన్ అనేటప్పుడు మనం ఇప్పుడు పై పళ్ళు పెదవికి ఆనించే అంటున్నాం. ఆ ఫ్ దగ్గర ఆగి, గాలి వదులుతూనే గొంతు మోగిస్తే చాలు, వీ వచ్చేస్తుంది. గొంతు మీద చెయ్యి పెట్టుకుంటే ఫ్‌కి నిశ్శబ్దం, వ్‌కి వణుకు. పెదవి చక్కిలిగిలి పెడుతుంది. అది పడీ పడీ నవ్వేది. కాఫీ అనగలిగిన వాళ్ళందరికీ ఈ శబ్దం సగం వచ్చినట్టే.

సున్నా వ దగ్గర చిక్కుపడ్డాం. పళ్ళ వ రుచి మరిగాక అది అన్ని చోట్లా పళ్ళు ఆనించడం మొదలుపెట్టింది. కిటికీకీ పళ్ళే, నీళ్ళకీ పళ్ళే. నోట్లో స్ట్రా పెట్టి పెదవులు చుట్టించమన్నారు, చేశాం. స్ట్రా ఉన్నంతసేపు బాగుండేది, తీస్తే మామూలే. మూడు వారాలు అలాగే గడిచాయి.

ఒక ఆదివారం పొద్దున అమ్మ వీడియోలో ఉంది. అక్కడ సాయంత్రం, వాకిట్లో కూర్చుని మల్లెలు మాల కడుతోంది. మా పాప ఫోన్ పట్టుకుని డైనింగ్ టేబుల్ ఎక్కబోయింది. అమ్మ అక్కడి నుంచే కేకేసింది. "వొద్దు వొద్దు! పడతావే నా తల్లీ, వొద్దు!"

మా పాప కుర్చీ మీదే ఆగిపోయి స్క్రీన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "అమ్మా! అమ్మమ్మ నోరు సున్నా!"

నేను పరుగెత్తి వచ్చి చూశాను. "అమ్మా, మళ్ళీ అను" అన్నాను. "ఏమనాలే?" అంది అమ్మ. "వొద్దు అను." అంది. పెదవులు రెండూ గుండ్రంగా ముందుకొచ్చి విడిపోయాయి, పళ్ళు ఎక్కడా తగల్లేదు. అచ్చమైన డబ్ల్యూ. జీవితంలో ఇంగ్లీషు మాట్లాడని మా అమ్మ నోట్లో.

పుస్తకంలో వద్దు అనే ఉంటుంది, మనం అనేది వొద్దు. ఒకటి అని రాస్తాం, వొకటి అంటాం. ఊరు వూరవుతుంది. వచ్చావా అనేది వొచ్చావా అవుతుంది. చిన్నప్పుడు డిక్టేషన్‌లో వొకటి అని రాస్తే మా మాస్టారు ఎర్ర సిరాతో వ కొట్టేసేవారు. కాగితం మీద కొట్టేసిన ఆ శబ్దం మన నోళ్ళలో మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంగ్లీషు వాళ్ళ ఒకటి కూడా ఇలాంటిదే. రాసేది ఓ అక్షరంతో, పలికేది సున్నా వతో, వన్ అని.

ఆ రాత్రి తొమ్మిదో తరగతి తెలుగు వాచకం గుర్తొచ్చింది. యణాదేశ సంధి. ఇ, ఉ, ఋలకు అసవర్ణాచ్చులు పరమైతే య, వ, రలు ఆదేశంగా వస్తాయి. సు ప్లస్ ఆగతం స్వాగతం, గురు ప్లస్ ఆజ్ఞ గుర్వాజ్ఞ. అప్పుడు మార్కుల కోసం బట్టీ పట్టాను. ఇప్పుడు అద్దం ముందు నిలబడి గురు ఆజ్ఞ, గురు ఆజ్ఞ అని వేగం పెంచుతూ అంటుంటే, ఉ కోసం చుట్టిన పెదవులు ఆ కోసం విడిపోయేటప్పుడు పుట్టే శబ్దం ఏమిటో నా పెదవులకే తెలిసింది. ఉ పక్కన ఇంకో అచ్చు వస్తే అది వ అవుతుంది. ఆ వ సున్నా వ. ఇంగ్లీషులో ఆ అక్షరం పేరే డబుల్ యూ, పాతకాలంలో రెండు యూలు పక్కపక్కన పెట్టి దాన్ని రాసేవారు. వ్యాకరణం చెప్పేటప్పుడు అదే వాచకం మన వని దంత్యోష్ఠ్యం అంది, అంటే పళ్ళూ పెదవీ కలిసేది. రెండు దారులూ మన పుస్తకంలోనే ఉన్నాయి. నేను ముప్ఫై ఎనిమిదేళ్ళకి చూశాను.

మర్నాడు నుంచి స్ట్రా పక్కన పెట్టేశాం. ముందు వొద్దు, దాని వెంట వోంట్. ముందు వొకటి, దాని వెంట వన్. పెదవులకి తెలిసిన తెలుగు మాట ముందు నడుస్తుంది, ఇంగ్లీషు మాట దాని వేలు పట్టుకుని వస్తుంది. ఓ లేని మాటలకి ఉతో మొదలుపెట్టాం. ఉ ఎట్, ఉ ఇండో, ఉ ఎయిల్. రెండు ముక్కలుగా మెల్లగా, తర్వాత కలిపి. సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి సాగదీసి చూసేవాళ్ళం. పళ్ళ వ ఎంత సాగదీసినా తుమ్మెదలా మోగుతూనే ఉంటుంది, సున్నా వ సాగదీస్తే ఊ అయిపోతుంది.

తిమింగలం పదకొండు రోజులకి వచ్చింది. కారులోనే వచ్చింది, అదే సిగ్నల్ దగ్గర అనుకుంటాను. నాలుగుసార్లు అంది, నాలుగుసార్లూ సరిగ్గా. తర్వాత నా వంతు అంది.

నాకు ఇంకా పూర్తిగా రాలేదు. నా ఉద్యోగంలో రోజూ వెండర్ అనాలి, వేర్‌హౌస్ అనాలి. మీటింగ్‌కి ముందు కారులో రెండు మూడుసార్లు అనుకుని వెళ్తాను. వేగంగా మాట్లాడేటప్పుడు నా వ నాకు తిరిగి వచ్చేస్తుంది. దానికి బాధపడను. అర్థం మారిపోయే చోట సరిగ్గా పలకాలని మాత్రం ఉంది, మా పాప నా దగ్గర వింటుంది కాబట్టి.

మొన్న నిద్రపోయే ముందు అది ఒక ప్రశ్న అడిగింది. దాని పేరు వతోనే మొదలవుతుంది. స్కూల్లో టీచర్ పళ్ళు గట్టిగా ఆనించి పిలుస్తారట.

"నా పేరులో ఏ వ అమ్మా? పళ్ళ వా, సున్నా వా?"

పేరు అని చూసుకున్నాను. రెండూ కాదు. "అమ్మమ్మ పిలిచే వ" అన్నాను.

నమ్మలేదు. పొద్దున లేవగానే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి తెనాలికి కలపమంది. అమ్మ రాగానే స్క్రీన్‌ని ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టుకుని, "అమ్మమ్మా, నన్ను పిలు" అంది. అమ్మ పిలిచింది. పెదవుల వైపు కళ్ళార్పకుండా చూసి, "మెల్లగా" అంది. అమ్మ మెల్లగా పిలిచింది. తన పెదవి మీద వేలు పెట్టుకుని, లోపల్లోపల ఒకసారి అనుకుని చూసుకుంది.

"ఇంకోసారి" అంది.