ఎనిమిదో తరగతిలో వచ్చిన ఆఫర్

ఆఫర్ అంటే మా ఇంట్లో ఒకటే అర్థం. కంపెనీ లెటర్‌హెడ్, జీతం, చేరాల్సిన తేదీ, కింద ఎవరిదో సంతకం. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి, ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని 2022 జూన్ దాకా నాకు తెలియదు. ఆ నెలలో మా అబ్బాయికి ఒక పెద్ద యూనివర్సిటీ నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో విసిరి ఆడే ఆట) ఆఫర్ వచ్చింది. అప్పటికి వాడికి పదమూడేళ్లు. ఎనిమిదో తరగతి అయిపోయి రెండు వారాలైంది.

మేముండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో. ఇక్కడ మనవాళ్ల పిల్లలంటే స్పెల్లింగ్ బీ, రోబోటిక్స్, శనివారం పొద్దున క్రికెట్. మావాడు ఏడో తరగతిలో స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో చేరతానంటే, నాలుగు దెబ్బలు తగిలితే వాడే మానేస్తాడులే అనుకున్నాం. మానలేదు సరికదా, కోచ్ వాణ్ణి క్వార్టర్‌బ్యాక్‌ని చేశాడు. బంతి ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాల్సినవాడు క్వార్టర్‌బ్యాక్. అంతలోనే ఎదుటి టీమ్‌వాళ్లు మీద పడిపోతుంటారు. తెనాలిలో మా అత్తగారు వీడియో చూసి, "అందరూ వాడి మీదకే ఎందుకు పడుతున్నారు నాయనా, ఏం చేశాడు వాడు?" అని అడిగారు. ఈ ఆట గురించి ఇంతకంటే సూటి ప్రశ్న నేను మళ్లీ వినలేదు.

కాలేజీలు వేసవిలో క్యాంపులు పెడతాయి. డబ్బు కట్టి వెళ్లొచ్చు. మా ప్రైవేట్ కోచ్ వెళ్లమన్నాడు. అవును, క్వార్టర్‌బ్యాక్‌లకి విడిగా ట్యూషన్ ఉంటుంది. మాకు గంటకి 100 డాలర్లు పడేది. క్యాంపులో మావాడి చేత ఎండలో మూడు గంటలు బంతి విసిరించారు. ఎత్తు కొలిచారు, బరువు చూశారు, అరచెయ్యి చాపించి బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా కొలిచారు. తర్వాత ఒక అసిస్టెంట్ కోచ్ నా దగ్గరికొచ్చి నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. నేను అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. ఆయన ముఖంలో కొంచెం నిరాశ కనిపించింది. "వాళ్లమ్మ ఎత్తెంత? తాతలు?" అన్నాడు. మా మామగారు రిటైరైన హెడ్ కానిస్టేబుల్, ఆరడుగుల ఒక అంగుళం అని చెప్పాక ఆయన మొహం విప్పారింది. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇంత పరీక్షగా చూడలేదు.

సాయంత్రం మమ్మల్ని లోపలికి పిలిచారు. హెడ్ కోచ్ మావాడి భుజం మీద చెయ్యి వేసి, నీకు మా దగ్గర స్కాలర్‌షిప్ ఉంది అన్నాడు. చదువు, హాస్టల్, తిండి, అన్నీ. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను మాత్రం అలవాటు కొద్దీ, "లెటర్ ఎప్పుడు పంపుతారండీ?" అని అడిగాను. గదిలో అందరూ నవ్వారు. మా ప్రైవేట్ కోచ్ నా మోచెయ్యి పట్టుకుని నొక్కాడు.

కారెక్కాక ఆయనే చెప్పాడు. పిల్లవాడు పన్నెండో తరగతికి వచ్చిన ఏడాది ఆగస్టు 1 దాకా ఏ కాలేజీ కాగితం మీద ఆఫర్ ఇవ్వకూడదు. పదకొండో తరగతి సెప్టెంబర్ 1 దాకా వాళ్లంతట వాళ్లు మెసేజ్ కూడా పెట్టకూడదు. అదీ అప్పటి రూలు. కానీ క్యాంపులో ఎదురుపడితే మాట్లాడొచ్చు. పిల్లవాడే ఫోన్ చేస్తే ఎత్తొచ్చు. అందుకని కాలేజీ కోచ్ మా ప్రైవేట్ కోచ్‌కి కబురు పెడతాడు, ఈయన మావాడితో ఫోన్ చేయిస్తాడు. అంటే మాకు వచ్చిందల్లా ఒక నోటిమాట. అటు వాళ్లకీ ఇటు మాకూ దానికి కట్టుబడాల్సిన పని లేదు.

మరి పదమూడేళ్ల పిల్లాడికి ఎందుకు చెప్పడం? టీమ్‌లో మిగతా చోట్ల ఆటగాళ్లని మార్చి మార్చి దింపొచ్చు, క్వార్టర్‌బ్యాక్ మాత్రం ఒకసారికి ఒక్కడే. అందుకే ఒక్కో బ్యాచ్‌లో కాలేజీ ఒకరిద్దరినే తీసుకుంటుంది. మంచివాడు పక్క కాలేజీకి పోతే మళ్లీ దొరకడు. ముందే కర్చీఫ్ వేసి ఉంచితే పోయేదేముంది? మాటకి ఖర్చు లేదు. పైగా పిల్లవాడే ఆ కాలేజీ లోగో పెట్టుకుని, "బ్లెస్డ్" అంటూ సోషల్ మీడియాలో ప్రచారం చేసి పెడతాడు. మావాడు ఇల్లు చేరేలోపే పెట్టేశాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఇలాంటివాళ్ల గురించి వెతుక్కుంటూ కూర్చున్నాను. డేవిడ్ సిల్స్ అని డెలావేర్ కుర్రాడు, ఏడో తరగతి. 2010 ఫిబ్రవరిలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ కోచ్ లేన్ కిఫిన్ ఆఫర్ ఇస్తే పదమూడేళ్లకే సరేనన్నాడు. దేశమంతా వార్త. 2013లో సీజన్ మధ్యలోనే కిఫిన్‌ని తీసేశారు. చివరికి సిల్స్ వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీకి వెళ్లి, క్వార్టర్‌బ్యాక్ కూడా కాదు, బంతి పట్టుకునే రిసీవర్ అయ్యాడు. 2017లో 18 టచ్‌డౌన్లు (సాకర్‌లో గోల్స్ లాంటివి) చేశాడు, తర్వాత న్యూయార్క్ జెయింట్స్ అనే ప్రొఫెషనల్ టీమ్‌కి ఆడాడు. బాగుపడ్డాడు, కాదనను. కానీ పదమూడేళ్లప్పుడు వాడిలో ఎవరూ చూసింది ఇది కాదు.

పొద్దున్నే ఖమ్మం ఫోన్ చేసి నాన్నకి చెప్పాను. ఆయన అడిగిన మొదటి మాట, "కాగితం ఇచ్చారా?" ఎందుకడిగారో నాకు తెలుసు. నా టెన్త్ రిజల్ట్స్ వచ్చినప్పుడు ఒక కార్పొరేట్ కాలేజీ పీఆర్వో స్వీట్ బాక్స్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఫ్రీ సీటు, హాస్టల్ కూడా ఫ్రీ అన్నాడు. నాన్న ఆర్టీసీలో క్లర్కు, రాసివ్వమని అడిగారు. "మా మాట మీద నమ్మకం లేదా సార్?" అన్నాడు ఆ మనిషి. చేరిన రెండు నెలలకి సగం ఫీజు కట్టమన్నారు. ఆ పీఆర్వో అప్పటికే వేరే కాలేజీకి మారిపోయాడు. నాన్న పీఎఫ్ లోన్ పెట్టి కట్టారు.

ఆ వేసవిలోనే మా ఇంట్లో పెద్ద గొడవైంది. ప్రైవేట్ కోచ్ మావాణ్ణి ఎనిమిదో తరగతి మళ్లీ చదివించమన్నాడు. మావాడు జూలైలో పుట్టాడు, క్లాసులో అందరికంటే చిన్న. ఒక ఏడాది ఆపితే ఎత్తు పెరుగుతాడు, బలం వస్తుంది, తోటివాళ్లంతా ఏడాది చిన్నవాళ్లవుతారు. టెక్సాస్‌లో తొమ్మిదిలో అడుగుపెట్టాక ఆడేందుకు నాలుగేళ్లే లెక్క, అందుకని ఆపితే ఇప్పుడే ఆపాలి. ఆఖరి ఏడాది సెప్టెంబర్ 1కి పంతొమ్మిది నిండకూడదు, అదీ సరిపోతుంది. ఇక్కడ చాలామంది చేయిస్తారట. మా ఆవిడ అంతా విని, "ఫస్ట్ క్లాస్‌లో పాసైన పిల్లాణ్ణి మనమే ఫెయిల్ చేయించాలా?" అంది. మన వీధిలో పిల్లలు ఒక క్లాసు ఎగిరి పైకెళ్తుంటే మనవాడు కిందికి రావడమా అని రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మేం ఆపలేదు. ఆపాల్సిందేమో అని తర్వాత చాలాసార్లు అనిపించింది. అదే మాట ఆవిడ ముందు అనే ధైర్యం ఇప్పటికీ లేదు.

తొమ్మిదో తరగతి వసంతంలో అదే కాలేజీకి మా ఖర్చులతో మళ్లీ వెళ్లాం. అప్పటికి నాకొక మాట తెలిసింది: కమిటబుల్. ఈ లోకంలో ఆఫర్లు రెండు రకాలు, సరే అంటే తీసుకునేది ఒకటి, సరే అన్నా ఆగమనేది ఒకటి. నేను నేరుగా అడిగాను, "మావాడు ఇవాళ కమిట్ అవుతానంటే తీసుకుంటారా?" ఆ అసిస్టెంట్ కోచ్ చాలా మర్యాదగా, "మీవాడంటే మాకు చాలా ఇష్టం, కష్టపడుతూ ఉండమనండి" అన్నాడు. జవాబు దొరికింది. మావాడికి మాత్రం ఆ మాటలో "చాలా ఇష్టం" ఒక్కటే వినిపించింది.

2023 సీజన్ చివర ఆ హెడ్ కోచ్‌ని తీసేశారు. కొత్తవాళ్లకి మావాడు ఫోన్ చేశాడు, వీడియోలు పంపాడు, ఇంకోసారి ఫోన్ చేశాడు. వాడు గదిలో ఒక్కడే నిలబడి వాయిస్ మెయిల్‌కి "థాంక్యూ కోచ్" అని చెప్పి పెట్టేయడం తలుపు దగ్గర నుంచి విన్నాను. ఆ నాలుగేళ్లలో నాకు బాగా కోపం వచ్చింది ఆ ఒక్క రోజే. మాట తప్పేది కాలేజీలే కాదులెండి. మావాడి బ్యాచ్‌లోనే జార్జియా కుర్రాడు జూలియన్ లూయిస్ ఉండేవాడు, దేశంలోనే పేరున్న క్వార్టర్‌బ్యాక్. 2023 ఆగస్టులో సదరన్ కాలిఫోర్నియాకి మాటిచ్చాడు, తర్వాత ఒక ఏడాది ముందే స్కూలు ముగించేలా బ్యాచ్ మారాడు, 2024 నవంబర్‌లో ఆ మాట వెనక్కి తీసుకుని కొలరాడో యూనివర్సిటీకి వెళ్లాడు. మావాణ్ణి ఒక ఏడాది ఆపమంటే, అతను ఒక ఏడాది ముందుకి దూకాడన్నమాట.

2024 సెప్టెంబర్ 1. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే కాలేజీలు మెసేజ్‌లు పెడతాయని పిల్లలంతా మేలుకుని ఉన్నారు. మావాడు ఫోన్ డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఒకటిన్నర దాకా మూడు వచ్చాయి. మూడూ చిన్న కాలేజీలు. మొదటి ఆఫర్ ఇచ్చిన చోటు నుంచి ఏమీ లేదు.

పెద్ద కాలేజీలు ఎందుకు తగ్గాయంటే, 2021 నుంచి కాలేజీ మారిన ఆటగాడు ఏడాది ఖాళీగా కూర్చోకుండా వెంటనే ఆడొచ్చు. 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. అంత పెట్టేవాళ్లు పద్దెనిమిదేళ్లవాణ్ణి పెంచుకుంటూ కూర్చోరు, వేరే కాలేజీలో మూడేళ్లు ఆడి చూపించిన ఇరవై రెండేళ్లవాణ్ణి తెచ్చుకుంటారు. పదమూడేళ్లవాడికి మాట ఇస్తారు, తీరా సమయానికి ఇరవై రెండేళ్లవాడికి డబ్బు ఇస్తారు.

ఆ మూడింట్లో ఒకటి నిలబడింది. ఫుట్‌బాల్‌లో రెండో మెట్టు కాలేజీ. ఇలాంటి చోట్ల స్కాలర్‌షిప్‌ని ముక్కలు చేసి పంచొచ్చు, మావాడికి అరవై శాతం అన్నారు. ఇది కమిటబులేనా అని నేను అడిగాను. ఆ కోచ్ నవ్వి, "సార్, ఇవాళే ఫోన్ చేసి సరే అనమనండి" అన్నాడు. వాళ్లు మావాడి మార్కుల షీట్ కూడా అడిగారు, తాతల ఎత్తు అడగలేదు.

2025 డిసెంబర్‌లో సంతకం. వాడికప్పటికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి నాది కూడా పెట్టాను. మావాడు ప్రతి లైనూ చదివాడు, రెన్యూవల్ గురించి రాసిన చోట ఆగి రెండుసార్లు చదివాడు. మా ఆవిడ దేవుడి దగ్గర పెట్టి తెచ్చింది. నేను సంతకాలున్న పేజీ ఫొటో తీసి నాన్నకి వాట్సాప్ చేశాను. ఖమ్మంలో అప్పుడు తెల్లవారుజాము. అయిదు నిమిషాల్లో రిప్లై వచ్చింది.

"మిగతా పేజీలేవిరా?"