11 మిల్లీమీటర్ల వైజాగ్

విశాఖ బయల్దేరేటప్పుడు, కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్‌ని ఇంట్లోనే ఉంచేశాను. బ్యాగులో రెండే ఉన్నాయి: పాత 50 ఎంఎం, ఈమధ్యే కొన్న టోకినా 11-16 ఎఫ్2.8 వైడ్ జూమ్. ఎంఎం అంకె ఎంత చిన్నదైతే ఫ్రేములోకి అంత ఎక్కువ దృశ్యం వస్తుంది, ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు వస్తుంది. కొన్నది ఈమధ్యే గానీ మోడల్ మాత్రం 2008 నాటిది. విజయవాడలో ఒక పెళ్ళిళ్ల ఫోటోగ్రాఫర్ పెద్ద సెన్సరుండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి మారుతూ అమ్మకానికి పెట్టాడు. ఇది ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్ కోసం చేసిన లెన్స్, ఆయనకిక దానితో పనిలేదు. నా కెమెరా నికాన్. వాళ్ల సొంత వైడ్ జూమ్‌కి పెట్టాల్సిన డబ్బులో నాకు ఇదీ, ఒక ట్రైపాడూ, రత్నాచల్‌లో ఏసీ టికెట్టూ వచ్చేశాయి. ఒక్క మెలిక ఉంది. నికాన్ కెమెరాలకి తగిలించే ఈ మొదటి వెర్షన్ లెన్స్‌లో ఫోకస్ మోటారు ఉండదు. నా డీ7200 బాడీలో మోటారుంది కాబట్టి ఇబ్బంది లేదు. డీ3000, డీ5000 వరుస కెమెరాల వాళ్లు రెండో వెర్షన్ వెతుక్కోవడమే మంచిది, లేకపోతే ప్రతిదానికీ చేత్తో రింగు తిప్పుకోవాలి.

మా బావమరిది ఎంవీపీ కాలనీలో ఉంటాడు. భోజనాలవగానే బండి తీసి, "ఏటి బావా, ముందు బీచికేనా?" అన్నాడు. బీచికే, కాకపోతే సముద్రం కోసం కాదు, కురుసుర కోసం.

ఐఎన్ఎస్ కురుసుర సోవియట్ తయారీ జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విధులు ముగించుకుంది, 2002 నుంచి ఆర్కే బీచ్ ఇసుకలో మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. బయటినుంచి ఎవరు తీసినా బాగానే వస్తుంది, ఫోన్ చాలు. లోపలికి దిగాకే అసలు సంగతి. మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత దారి, రెండువైపులా పైపులు, మీటర్లు, చక్రాల్లాంటి వాల్వులు. వెనక్కి జరిగి తీద్దామంటే వీపుకి ఇనుము తగులుతుంది. ఇక్కడ 18 ఎంఎం పెడితే నాలుగు పైపులే వస్తాయి, గది రాదు. 11 దగ్గర పెట్టేసరికి ముందుభాగంలోని ఆరు టార్పెడో గొట్టాలూ, వాటి ముందు నిలబడి వివరిస్తున్న మాజీ నావికుడూ, ఆయన తలమీది కేబుళ్లూ ఒక్క ఫ్రేములోకి వచ్చేశాయి. నికాన్ ఏపీఎస్-సీ సెన్సర్ మీద 11 అంటే ఫుల్ ఫ్రేములో పదహారున్నర కింద లెక్క.

వెలుతురు అంతంత మాత్రం. ట్రైపాడ్ వేస్తే వెనక వచ్చేవాళ్లు తిట్టుకుంటారు. ఎఫ్2.8, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 1600, షట్టర్ సెకనులో ముప్పయ్యో వంతు పెట్టి, మోచేతులు పక్కటెముకలకి ఆనించి తీశాను. వైడ్ లెన్స్‌తో చెయ్యి కాస్త వణికినా బొమ్మ చెడదు. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లే గుండ్రటి ద్వారాలు మాత్రం ఫ్రేముకి సరిగ్గా నడిమధ్యన ఉండాలి. అంచుకి జరిగితే చాలు, గుండ్రం కాస్తా కోడిగుడ్డయిపోతుంది. బావమరిది ఒక ఫోటోలో మూలకి ఇరుక్కున్నాడు. తల రెండింతలు సాగింది. "ఇది మీ చెల్లికి చూపించకండి బావా" అని ఒట్టు వేయించుకున్నాడు.

మర్నాడు చీకటితోనే ఫిషింగ్ హార్బరుకి వెళ్లాం. బోట్లు వచ్చి గట్టుకి ఆనుతున్నాయి, ఐసు ముక్కల మీద వంజరాలూ సావడాయిలూ కుప్పలు పోస్తున్నారు, వేలంపాట మొదలైంది. దూరంగా నిలబడి 11తో తీస్తే ఫోటో నిండా ఖాళీ సిమెంటు, ఎక్కడో చీమల్లా జనం. ఈ లెన్స్ సరిగ్గా 30 సెంటీమీటర్ల దూరం నుంచి ఫోకస్ చేస్తుంది, కాబట్టి చేప దగ్గర గొంతుక్కూర్చోవాలి. అప్పుడు ముందు వంజరం తల ఇంత పెద్దదిగా, దాని వెనక బుట్టలూ మనుషులూ, ఆ వెనక బోట్ల జెండాలూ వరసగా వస్తాయి. అంత దగ్గరికి వెళ్లినప్పుడు అడక్కుండా తీయడం మర్యాద కాదు.

"తియ్యమంటావా అప్పా?" అని చేప దగ్గరున్న ఆమెని అడిగాను.

"నన్ను తీత్తావా, సేపని తీత్తావా?"

"ఇద్దర్నీ."

"అయితే నన్ను ముందెట్టు. సేప మళ్లీ దొరుకుద్ది."

ముందు పెట్టలేదు. ముఖం అంత దగ్గరగా పెడితే ముక్కు ఉబ్బిపోతుంది. మధ్యలో కూర్చోబెట్టి, 16 దగ్గర తీసి స్క్రీన్ చూపిస్తే తలూపింది. ఈ లెన్స్‌లో నాకు నచ్చే సౌకర్యం ఒకటుంది: ఫోకస్ రింగుని వెనక్కి లాగితే మాన్యువల్, ముందుకి తోస్తే ఆటో. తడి చేతులతో చిన్న స్విచ్చులు వెతుక్కునే పనిలేదు. బరువు మాత్రం అరకిలో పైనే. మెడకి తెలుస్తుంది.

అక్కణ్నుంచి భీమిలి రోడ్డు పట్టాం. రుషికొండ, తొట్లకొండ దాటాక ఎర్రమట్టి దిబ్బలు. ఇనుము ఆక్సైడుతో ఎర్రబడ్డ ఇసుకని వాననీళ్లు కోసి కోసి చేసిన లోయలివి. భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అంచుల మీద కాలు పెట్టకండి, మట్టి వదులుగా జారిపోతుంది, మనకే కాదు దిబ్బకీ నష్టమే. కిందకి దిగి, ఒక ఇరుకు పాయలో నేలకి జానెడు ఎత్తున కెమెరా పెడితే రెండు గోడలూ ఫ్రేము అంచుల నుంచి పరుగెత్తుకొచ్చి లోపల కలుస్తాయి. నేను చూసినంతలో ఈ లెన్స్ కోసమే పుట్టిన చోటు ఇది.

దాని లోపాలు బయటపడింది కూడా ఇక్కడే. సూర్యుడు ఫ్రేములోకి వస్తే ఆకుపచ్చ చుక్కలు వరసగా పడతాయి. తాటాకుల అంచున, ఆకాశం ఆనుకున్న చోట, ఊదారంగు గీత కనిపిస్తుంది. గీత కంప్యూటర్లో పోతుంది, చుక్కలు పోవు, వేలు అడ్డం పెట్టుకోవడమే మందు. ఆకాశం నీలాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ తగిలిస్తే ఆకాశం ఒకవైపు ముదురు నీలం, ఇంకోవైపు వెలిసిన నీలం, తీసి జేబులో పెట్టేశాను. అయితే ఎఫ్11 దగ్గర దిబ్బ అంచు మీద నుంచి తొంగిచూస్తున్న సూర్యుణ్ని తీస్తే పద్దెనిమిది కోణాల నక్షత్రం వస్తుంది. లెన్స్ లోపల వెలుతురు దారిని చిన్నదీ పెద్దదీ చేసే డయాఫ్రంలో తొమ్మిది బ్లేడ్లున్నాయి, బేసి సంఖ్య అయితే కిరణాలు రెట్టింపవుతాయి. ఆ నక్షత్రం కోసం పది చుక్కలైనా భరించవచ్చు.

సాయంత్రం కైలాసగిరి. అందరూ వైడ్ లెన్స్ బయటికి తీసే చోటు అదే, నా మటుకు అది దండగ. కంటికి సముద్రంలోకి చొచ్చుకుపోయినట్టు కనిపించే డాల్ఫిన్స్ నోస్ కొండ, 11తో చూస్తే అక్కడెక్కడో గోరంత. మిగతాదంతా ఆకాశమూ నీళ్లూనూ. 50 మార్చి, బీచి రోడ్డు వంపునీ కొండనీ మాత్రమే పట్టుకున్నాను. బావమరిది అప్పటికే టోకినా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"దీంతో మా పాప పుట్టినరోజు తీయొచ్చా బావా? హాలు చిన్నది."

"తీయొచ్చు. చివర్లలో ఎవర్ని నిలబెడతావో చూసుకో."

"మా ఆఫీసు వాళ్లని" అన్నాడు వెంటనే.