ఎండాకాలంలో నగరం: ఏ వేళకు ఎక్కడ

వేసవిలో నగరం చూడ్డానికి బయల్దేరేవాళ్లు చూడాల్సిన చోట్లన్నీ రాసుకుంటారు, పక్కన టైము మాత్రం రాసుకోరు. తీరిగ్గా పదింటికి బయటపడి, పన్నెండింటికి ఏ కోట మెట్ల మీదో చతికిలబడి, ఒంటిగంటకల్లా తలనొప్పితో గదికొస్తారు. ఊరు బాగాలేదని తీర్పు కూడా ఇచ్చేస్తారు.

పెద్ద నగరంలో వేడి లెక్క వేరు. తారు, కాంక్రీటు, ఇటుక పగలంతా ఎండను పీల్చుకుని, పొద్దుగుంకాక మెల్లగా వదులుతాయి. చుట్టుపక్కల పల్లెలు చల్లబడ్డాక కూడా నగరంలో సెగ తగ్గదు. సాయంత్రం ఏడింటికి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. రోజు మొత్తమ్మీద చల్లగా ఉండేది తెల్లవారుజామున, సూర్యోదయానికి కాస్త అటూ ఇటూగా. నడకలన్నీ అప్పుడే పెట్టుకోవాలి.

పాత వీధులు, టోకు పూల మార్కెట్లు, చెరువు గట్లు ఆ వేళకి సరిపోతాయి. పాత కట్టడాలకైతే ఇంకో లాభం ఉంది. ఏటవాలు ఎండలో చెక్కడాల నీడ పొడుగ్గా పడి ప్రతి గీతా తేలుతుంది. నడినెత్తి ఎండలో అదే గోడ చదునుగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. ముఖద్వారం ఏ దిక్కుకుందో ముందే మ్యాపులో చూసుకోండి: తూర్పుదైతే పొద్దున, పడమటిదైతే సాయంత్రం.

ఎండలో నడిచేటప్పుడు దాహమేసేదాకా ఆగొద్దు. 15–20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే గంటకు ముప్పావు లీటరు దాకా పడుతుంది. గంటల తరబడి చెమట పడితే ఉప్పు కూడా పోతుంది, ఉత్త నీళ్లు చాలవు. ఉక్కపోత రోజుల్లో ఇంకా జాగ్రత్త: గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. తల తిరిగినా, వికారంగా ఉన్నా నీడకి వెళ్లాలి. మాట తడబడినా, మనిషి అయోమయంలో పడినా అది వడదెబ్బే. ఒళ్లంతా తడిపి విసురుతూ వెంటనే అంబులెన్సు పిలవాలి.

ఎండ తీవ్రత మిట్టమధ్యాహ్నం ఎక్కువ. గాలి వేడెక్కేది మాత్రం మూడు, నాలుగు గంటల మధ్య. కాబట్టి పన్నెండు నుంచి ఐదు దాకా నాలుగు గోడల మధ్యే. మ్యూజియాన్ని మించిన చోటు లేదు, కానీ వారంలో ఒకరోజు సెలవుంటుంది, చూసుకుని వెళ్లండి. ఏసీ ఉన్న హాళ్లలో ఒక పల్చటి శాలువా దగ్గరుంటే మంచిది.

బట్టలు, కాగితం మీది బొమ్మలు ఉన్న గదుల్లో వెలుతురు సాధారణంగా 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గరే, బాగా తక్కువగా ఉంచుతారు, రంగులు వెలిసిపోకుండా. ఎండలోంచి నేరుగా వెళ్తే అంతా చీకటిగా అనిపించి, చాలామంది అలాగే దాటిపోతారు. బెంచీ మీద ఐదు నిమిషాలు కూర్చోండి. కళ్లు సర్దుకున్నాక నేతలో పోగులు, బొమ్మ అంచున సన్నటి కుంచె గీతలు ఒక్కొక్కటే బయటపడతాయి. రెండు హాళ్లు చాలు. మూడోదానికి కాళ్లూ కళ్లూ రెండూ మొరాయిస్తాయి.

ఈత కొలనుకైతే పొద్దున్నే, జనం దిగకముందే వెళ్లండి. కళ్లు మండించే ఆ ఘాటు వాసన క్లోరిన్ ఎక్కువై వచ్చేది కాదు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లు పుడతాయి, ఆ వాసన వాటిది. దిగేముందు అందరూ స్నానం చేస్తే చాలావరకు తగ్గుతుంది.

రాత్రికి డాబా ఉండనే ఉంది. నగరపు దీపాల కాంతి పాలపుంతను మింగేస్తుంది గానీ చంద్రుణ్నీ గ్రహాలనూ ఏమీ చెయ్యలేదు. 10x50 బైనాక్యులర్స్ చాలు: పది రెట్లు పెద్దగా చూపిస్తాయి, ముందువైపు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. పున్నమినాడు మాత్రం చూడకండి, వెలుగు ఎదురుగా పడి చంద్రుడు పళ్లెంలా ఉంటాడు. అమావాస్య తర్వాత ఏడెనిమిది రోజులకి, వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి చూస్తే గుంతల అంచులు నీడలతో సహా కనిపిస్తాయి. చెయ్యి వణికితే ఏమీ తెలియదు, మోచేతులు పిట్టగోడకి ఆనించాలి. ఇళ్ల కప్పులకు ఆనుకుని ఉన్నవాటి జోలికి పోవద్దు, పైకి లేచే వేడిగాలికి బొమ్మ నీళ్లలోలా కదులుతుంది. గురుడు కనిపించే కాలమైతే, బాగా పైకొచ్చాక చూస్తే పక్కన వరసగా చుక్కల్లా నాలుగు ఉపగ్రహాలు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఏ పరికరమూ అక్కర్లేదు. సూర్యాస్తమయం తర్వాతో, సూర్యోదయానికి ముందో, గంటా రెండు గంటల లోపు, మినుకుమనకుండా నిదానంగా సాగే ఒక చుక్క. టైములు నాసా వాళ్ల ‘స్పాట్ ద స్టేషన్’ యాప్‌లో దొరుకుతాయి. కొన్నిసార్లు నడి ఆకాశంలోనే మాయమవుతుంది. మబ్బు అడ్డొచ్చిందేమోనని వెతక్కండి, అది భూమి నీడలోకి వెళ్లిపోయింది.