శ్రీశైలం దారిలో మైలేజీ లెక్క

కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌లోని ఆఫీసుకు రోజూ కారులో వెళ్ళివచ్చే నాకు, మీటరు బోర్డుపై కనిపించే సగటు మైలేజీకీ బంకులో పోయించుకునే పెట్రోలు లెక్కకూ పొత్తు కుదరడం లేదన్న సంగతి చాలాకాలంగా తెలుసు. డిస్‌ప్లే లీటరుకు 14.2 కిలోమీటర్లు అంటుంది. బిల్లులు పెట్టుకుని లెక్కిస్తే 13.1 వస్తుంది. లీటరు 107 రూపాయలు దాటిన ఊళ్ళో ఈ తేడా నెల తిరిగేసరికి ఇంటి ఖర్చులో కనిపిస్తుంది. ఈ తేడా సిటీ ట్రాఫిక్ వల్ల వస్తున్నదా, లేక బండి లెక్కవేసే పద్ధతిలోనే ఉన్నదా అన్నది తేల్చుకోవాలన్న పట్టుదల నాలో పెరుగుతుండగా, బాబాయి, పిన్ని శ్రీశైలం వెళదామన్నారు. మంచి రోడ్డు, పల్లె రోడ్డు, అడవి, ఘాట్ అన్నీ ఒకే ప్రయాణంలో దొరుకుతాయి కాబట్టి, మల్లన్న దర్శనంతో పాటు ఈ లెక్క కూడా తేల్చుకోవాలని నిశ్చయించుకున్నాను. తమ్ముడు కూడా మాతో బయలుదేరాడు.

బయలుదేరే ముందు మా కాలనీ దగ్గరి బంకులో ట్యాంకు నింపించాను. ఈ కొలతలో అసలైన జాగ్రత్తంతా ఇక్కడే ఉంది. బండి నిలబడిన నేల చదునుగా ఉండాలి, తిరిగి వచ్చాక కూడా అదే బంకులో, అదే పంపు దగ్గర, అదే దిశలో నిలపాలి, నాజిల్ తనంతట తాను టిక్కుమని ఆగినచోటే ఆపేయాలి. పంపు అబ్బాయి "జీరో చూసుకోండి సార్" అని మొదలుపెట్టి, ఆటో కటాఫ్ అయ్యాక "రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్?" అని అడిగాడు. ఇక చాలన్నాను. ఆ తర్వాత గొంతుదాకా పోయిస్తే కొలత చెడిపోవడమే కాదు, పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి ద్రవమే చేరి అది పాడయ్యే ప్రమాదం ఉంది. పంపు మీద అనుమానం ఉన్నవారు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలపాత్రతో పోసి చూపమని అడగవచ్చు. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను నిబంధనలు అనుమతిస్తాయి, అంటే అర శాతం. మా కాలనీ పంపు ఆ హద్దులోనే ఉందని నేను అంతకుముందే చూసుకున్నాను.

గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. 158 కిలోమీటర్ల ఈ రోడ్డు, నడిచిన దూరం చూపే ఓడోమీటరును పరీక్షించడానికి అనువైనది, ఎందుకంటే పక్కన కిలోమీటరు గుర్తులు వరసగా ఉంటాయి, మలుపులు మెల్లగా సాగుతాయి. ఒక గుర్తు దగ్గర రెండో ట్రిప్ మీటరును సున్నా చేసి, ఇరవై కిలోమీటర్లు గడిచాక తమ్ముణ్ణి చదవమన్నాను. 20.3 చూపింది. అంటే నా బండి నడిచిన దూరాన్నే ఒకటిన్నర శాతం ఎక్కువ చెబుతోంది. కారణం టైర్లు. సుమారు ముప్పై సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రంపై ఐదు మిల్లీమీటర్ల రబ్బరు అరిగిపోతే, చుట్టుకొలత ఒకటిన్నర శాతానికి పైగా తగ్గుతుంది. అదే దూరానికి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది. తిరిగిన చుట్లను లెక్కపెట్టే బండి ఎక్కువ దూరం వచ్చామనుకుంటుంది. స్పీడోమీటరు సంగతి వేరు. అది నిజవేగం కంటే తక్కువ చూపకూడదన్నది నియమం కాబట్టి కంపెనీలే దాన్ని కొంత ఎక్కువ చూపేలా అమర్చుతాయి. స్పీడోమీటరు ఎక్కువ చూపుతున్నది కాబట్టి దూరం కూడా అంతే ఎక్కువ చూపుతుందని చాలామంది అనుకుంటారు, కానీ ఆ రెండు లెక్కలకు అలాంటి ముడి లేదు.

తుక్కుగూడ దగ్గర ఔటర్ దిగి శ్రీశైలం హైవే మీదికి వచ్చాక, కడ్తాల్, ఆమనగల్ దాటేదాకా డిస్‌ప్లే అంకె మెల్లమెల్లగా పైకి ఎక్కింది. ఎనభై దాటకుండా, బ్రేకు అవసరం రాకుండా నడిపితే ఏ బండైనా తన వల్ల అయినంత మైలేజీ ఇస్తుంది. కల్వకుర్తిలో టిఫిన్‌కు ఆగినప్పుడు సగటు 19.8 ఉంది. అక్కడ ఇడ్లీలు తింటూ బాబాయి, ఈ అంకెను బండి ఎలా కనిపెడుతుందని అడిగారు. ట్యాంకులో పెట్రోలు మీద తేలే బిళ్ళను చూసి చెబుతుందని ఆయన ఊహ. ఆ బిళ్ళ ఇంధన ముల్లుకు మాత్రమే పనికొస్తుంది; అంత సన్నని లెక్కకు అది చాలదు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, పెట్రోలును చిమ్మే ప్రతి ఇంజెక్టరును ఎంతసేపు తెరిచి ఉంచాలో తానే నిర్ణయిస్తుంది. తెరిచిన సమయాన్ని, ఆ ఇంజెక్టరు నుంచి ఎంత పెట్రోలు పారాలో ముందే నమోదైన విలువతో గుణించి, ఖర్చయిన పెట్రోలు ఇంత అని అంచనా కడుతుంది. అంటే ఎక్కడా పెట్రోలును నేరుగా కొలవడం లేదు. ఇంజెక్టరు కొంచెం పాతబడినా, పైపులో ఒత్తిడి అనుకున్నదానికి భిన్నంగా ఉన్నా అంచనా తప్పుతుంది. పైగా బొగ్గు డబ్బాలోని ఆవిరిని ఇంజిన్ పీల్చుకుని కాల్చేటప్పుడు ఆ పెట్రోలు ఇంజెక్టరు లెక్కలోకి రానే రాదు.

తమ్ముడు స్టీరింగ్ కింది సాకెట్‌కు ఒక చిన్న పరికరం తగిలించి ఫోన్‌లో మరో మైలేజీ చూస్తూ వచ్చాడు. అది 21 దాటి చూపడంతో బండి డిస్‌ప్లే తక్కువ చెబుతోందని వాదించాడు. అతని యాప్ లెక్క మరో దారిలో సాగుతుంది. ఇంజిన్ లోపలికి వెళ్ళే గాలిని బట్టి, బరువులో 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు అన్న నిష్పత్తితో ఇంధనాన్ని ఊహిస్తుంది. మన బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో దీని అమ్మకాలు ప్రారంభమయ్యాయి. దానికి తగిన నిష్పత్తి సుమారు 13.5, అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోవాలి. ఈ సంగతి తెలియని యాప్ తక్కువ ఇంధనం లెక్కగట్టి మైలేజీని పెంచి చూపుతుంది. ఇంజెక్టరు సమయాన్ని నమ్ముకున్న బండికి ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పిన ప్రకారం అది ఇంజెక్టరును ఎక్కువసేపు తెరుస్తుంది, ఆ ఎక్కువ సమయం లెక్కలోకి కూడా వస్తుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే కాబట్టి మైలేజీ నిజంగానే కొంత తగ్గుతుంది. అయితే డిస్‌ప్లే ఎక్కువ చూపడానికి ఇథనాల్‌ను తప్పుపట్టడం సరికాదని నా అభిప్రాయం.

డిండి చెరువు దాటి మన్ననూర్ చెక్‌పోస్టు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యగా, వేగ పరిమితి పాటిస్తూ, రోడ్డు మీదికి వచ్చే కోతులను తప్పించుకుంటూ దోమలపెంట దాకా సాగాం. అంకెల ఆట మొదలైంది ఆ తర్వాతే. దోమలపెంట దాటాక రోడ్డు మలుపులు తిరుగుతూ కృష్ణమ్మ దాకా దిగుతుంది. నేను యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, మూడో గేరులో, ఇంజిన్ బ్రేకింగ్‌తో దిగుతుంటే, అప్పటికప్పుడు మైలేజీ చూపే గడి 99.9 దగ్గర ఆగిపోయింది.

బాబాయి అది చూసి, "న్యూట్రల్ల వెయ్‌రా, ఇంకా మిగుల్తది" అన్నారు.

"లేదు బాబాయ్, గేర్ల ఉంటేనే మిగుల్తది. ఇప్పుడు ఇంజెక్టర్లు మొత్తం బందైనయ్, చుక్క గూడ పోతలేదు. న్యూట్రల్ల వేస్తే ఇంజన్ ఆగకుండ ఉండనీకె పెట్రోల్ పొయ్యాల్సొస్తది. బ్రేకులు గూడ వేడెక్కుతయ్," అన్నాను.

ఆయన ఒప్పుకున్నారో లేదో గాని, మిగతా ఘాట్ అంతా ఆ గడి నుంచి చూపు తిప్పలేదు. ఘాట్‌లో బండిని న్యూట్రల్‌లో వదిలేవారిని నేను ఇప్పటికీ చూస్తుంటాను. పెట్రోలు ఆదా కాకపోగా ప్రాణం మీదికి వచ్చే పని అది. ఆ దిగువలో మరో గమనింపదగిన విషయం జరిగింది. ట్యాంకులో ఉన్న పెట్రోలుతో ఇంకెంత దూరం పోవచ్చో చెప్పే అంకె దోమలపెంట దగ్గర 436 ఉంటే, డ్యాము కింది వంతెన చేరేసరికి 451 అయింది. పెట్రోలు పెరగలేదు, ఇటీవలి సగటును బట్టి ముందు దూరాన్ని ఊహించే ఆ లెక్క, దిగుడు రోడ్డు ఇకపై కూడా అలాగే సాగుతుందని అనుకుంది. వంతెన దాటి లింగాలగట్టు నుంచి శ్రీశైలం ఎక్కేటప్పుడు రెండో గేరులో అప్పటికప్పుడు మైలేజీ ఏడుకు పడిపోయింది, పైకి చేరేసరికి ఆ దూరం 409కి దిగింది. అడవి దారిలో ఈ అంకెను నమ్ముకుని బంకు దాటిపోవద్దని అందరికీ గట్టిగా చెబుతాను.

దర్శనం, రాత్రి బస అయ్యాక మర్నాడు అదే దారిలో తిరిగి వచ్చాం. రానుపోను రెండూ కలిపి కొలిస్తేనే ఎక్కుడూ దిగుడూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. కాలనీ బంకులో అదే పంపు దగ్గర, అదే దిశలో బండి ఆపి, మళ్ళీ ఆటో కటాఫ్ వరకే పోయించాను. 27.2 లీటర్లు పట్టింది. బయలుదేరేటప్పుడు సున్నా చేసిన మొదటి ట్రిప్ మీటరు 496 కిలోమీటర్లు, డిస్‌ప్లే సగటు 19.4. ట్రిప్ మీటరును నమ్మి భాగిస్తే 18.2 వస్తుంది, డిస్‌ప్లే ఆరు శాతానికి పైగా ఎక్కువ చెప్పింది. టైర్ల అరుగుదల తీసివేసి, నిజంగా నడిచిన 489 కిలోమీటర్లను పెట్టుకుంటే 18కి కాస్త తక్కువ. నాజిల్ ఆగే చోటులో అర లీటరు అటూఇటూ అయినా ఇంత నింపుడులో అది రెండు శాతం లోపే కాబట్టి, ఈ తేడా కొలత పొరపాటు కాదని ధైర్యంగా చెప్పగలను. పది లీటర్లు పోయించుకుని లెక్కవేసేవారికి మాత్రం ఆ అర లీటరే ఐదు శాతం అవుతుంది. వారు వరుసగా కొన్ని ట్యాంకుల లెక్క కలిపి చూడాలి.

సిటీలో ఎనిమిది శాతం, ప్రయాణంలో ఆరు. సిటీలో తేడా పెరగడానికి నాకు కనిపించే కారణం, ట్రాఫిక్‌లో ఇంజెక్టరు మరీ తక్కువ సమయాల పాటు తెరుచుకోవడం. తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ పట్టే సమయమే పెద్ద వాటా అయినప్పుడు అంచనా తప్పే అవకాశం పెరుగుతుంది. ఐరోపాలో 2021 నుంచి కొత్త కార్లన్నీ తమ ఇంధన వాడకాన్ని లోపలే నమోదు చేసుకోవాలి, ఆ లెక్క ఐదు శాతానికి మించి తప్పకూడదు. అలాంటి హద్దు మన దగ్గర కూడా ఉండాలని గట్టిగా కోరుకుంటాను. కంపెనీలు ప్రచారం చేసే, వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ ఇచ్చిన మైలేజీ ల్యాబులో రోలర్లపై, గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా, ఏసీ వేయకుండా తీసినదని కొనేవారు కొంతవరకు అర్థం చేసుకుంటారు. కానీ డాష్‌బోర్డు మీది అంకె తమ బండి తమకోసం కొలిచినదని నమ్ముతారు. నమ్మకం ఎక్కువ ఉన్నచోట కచ్చితత్వం కూడా ఎక్కువ ఉండాలి.

ఇప్పుడు నేను ఆ డిస్‌ప్లేను ఖర్చు లెక్కకు వాడటం మానేశాను, బండి ఆరోగ్యం చూసుకోవడానికి వాడుతున్నాను. ఎక్కువ చెప్పినా రోజూ ఒకే తీరుగా ఎక్కువ చెబుతుంది కాబట్టి, అదే దారిలో అదే ఏసీతో నడిపినప్పుడు అంకె ఉన్నట్టుండి తగ్గితే దానికి కారణం ఉంటుంది. ఈమధ్య 14 దగ్గర ఉండేది రెండు మూడు రోజుల్లో 13కి దిగితే, టైర్లలో గాలి చూపించాను. వెనక ఎడమ చక్రంలో 33 ఉండాల్సిన గాలి 24 ఉంది, లోపల సన్నని మేకు ఒకటి దిగి ఉంది.