తోక మొదట్లో గాటు: ఏడు వారాల కోడిపిల్ల, ఇరవై నాలుగు రోజుల చిట్టా

పిల్ల: అసీల్ (పందెం కోడి జాతి) కలిసిన నాటు పెట్టపిల్ల, ఏడు వారాల వయసు. బరువు 410 గ్రాములు. వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నె పెట్టి, సున్నా కొట్టి, అందులో పిల్లను కూర్చోబెట్టి చీకట్లో తూచిన లెక్క ఇది. వెలుతురులో తూస్తే కదులుతుంది, అంకె నిలవదు.

చోటు: రాజాం పక్క పల్లె. శ్రావణ మాసం, నాలుగు రోజులుగా ముసురు. పద్నాలుగు కోళ్లూ గూట్లోనే మూసి ఉన్నాయి. వాటిలో నాలుగు మిగతావాటి కంటే నెలన్నర పెద్దవి.

గాయం: గూట్లో తోటి కోళ్లు పొడిచి, తోక మొదలుకి పైన రూపాయి బిళ్ళంత మేర తోలు లేచిపోయింది. చుట్టూ రెండంగుళాల వరకు ఈకలు లేవు.

మొదటి రోజు

అన్నిటికంటే ముందు పిల్లను గూట్లోంచి బయటికి తీయాలి. మందు, కడగడం తరవాతి సంగతి. కోడి కంటికి ఎరుపు కనబడితే ఊరుకోదు. ఒకటి పొడిచిందంటే పక్కవి చూసి నేర్చుకుంటాయి. నెత్తురు రుచి తెలిశాక గంటలో పిల్లను పేగులదాకా తోడేస్తాయి. "సాయంత్రం చూద్దాంలే" అనుకున్న పిల్ల సాయంత్రానికి మిగలదు.

నెత్తురు కారుతుంటే శుభ్రమైన నూలు గుడ్డతో ఐదు నిమిషాలు నొక్కి పట్టాలి. మధ్యలో ఎత్తి చూస్తే కట్టిన గడ్డ ఊడి మళ్లీ మొదలు. కాఫీ పొడి, గుప్పెడు పసుపు అద్దితే నెత్తురు ఆగే మాట నిజమే కానీ, ఆ పొడి గాయంలో పెచ్చు కట్టి కిందేం జరుగుతోందో కనబడనివ్వదు. వానాకాలంలో ఆ పెచ్చు కిందే పురుగు పడుతుంది.

నెత్తురు ఆగాక గాయం లోతు చూడాలి. కండ మాత్రమే కనిపిస్తే ఇంట్లో చూసుకోవచ్చు. ఊపిరి తీసినప్పుడల్లా గాయంలోంచి బుడగలు వస్తున్నా, పేగు కనిపిస్తున్నా, రెట్ట ద్వారం చిరిగినా ఇంటి వైద్యం వద్దు. తోలు పెద్ద ముక్కగా వేలాడుతుంటే కుట్లు పడాలి, అది కూడా కొద్ది గంటల్లోనే. మండలంలో పశువైద్యశాల ఉంటుంది. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుంది. విజయనగరం వైపు వాళ్లకి గరివిడి పశువైద్య కళాశాల దగ్గర.

ఇక్కడ కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. తోక మొదట్లో, సరిగ్గా నడిమధ్యన, పసుపుగా చిన్న మొటిమలాంటిది కనిపిస్తుంది. ఈకలు ఊడిపోయాక మరీ కొట్టొచ్చినట్టుంటుంది. అది చీముగడ్డ కాదు, నూనె గ్రంథి. కోడి ముక్కుతో అక్కడి నూనె తీసి ఈకలకు రాసుకుంటుంది. దాన్ని నొక్కకూడదు, గిల్లకూడదు.

గాయం చుట్టూ మిగిలిన ఈకల్ని పీకకుండా కత్తెరతో అర అంగుళం మేర కత్తిరించాలి. కోడి తోలు ఉల్లిపొరంత పలచన, ఈక పీకితే తోలు కూడా లేస్తుంది. తరవాత ఉప్పునీటితో కడగాలి. లీటరు నీళ్లు ఐదు నిమిషాలు మరగనిచ్చి, దించాక 9 గ్రాముల ఉప్పు కలిపి, గోరువెచ్చగా అయ్యాక వాడాలి. త్రాసు ఉంది కాబట్టి చెంచాల లెక్క అక్కర్లేదు. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో ధారగా కొట్టాలి తప్ప దూదితో రుద్దకూడదు, పోగులు అంటుకుంటాయి. ఈ పిల్లకి ఐదు సిరంజిలు పట్టింది. మట్టి, ఊక పొట్టు పూర్తిగా పోయాక పోవిడోన్ అయోడిన్. పది శాతం సీసా అయితే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు, ఐదు శాతం సీసా అయితే ఒకటికి నాలుగు. పలచటి డికాక్షన్ రంగు రావాలి. చిక్కగా పోస్తే కొత్తగా పుట్టే కండ కూడా మాడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ కడుతుంటే శుభ్రమవుతున్నట్టు అనిపిస్తుంది కానీ, రోజూ వాడితే గాయం మానదు.

పైపూతగా సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమ్ పెసరగింజంత తీసి పలచగా రాస్తే చాలు. ఎక్కువ రాస్తే ఈకలు జిడ్డుకట్టి ఒంట్లో వెచ్చదనం నిలవదు. మందుల షాపులో ట్యూబు తిప్పి వెనక చదవాలి. నొప్పి తెలియకుండా చేసే లిగ్నొకేన్, బెంజొకేన్ లాంటి ‘కేన్’ మందులు కలిసినవి ఇంత చిన్న పిట్టకు విషం కాగలవు. బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసిన దురద క్రీములూ వద్దు. మనుషుల మాత్రలు విరిచి పావుచేసి వేయడం అసలే వద్దు. నొప్పి మందు, యాంటీబయాటిక్ డాక్టరు బరువు చూసి రాయాల్సినవి.

పడక: ఫ్యాను వచ్చిన అట్టపెట్టె, అడుగున పాత నూలు పంచె. న్యూస్‌పేపరు మీద కాళ్లు జారతాయి. ఊక మొదటి నాలుగు రోజులు పనికిరాదు, తడి గాయానికి అంటుతుంది. పెట్టె ఒక కొసన మాత్రం 40 వాట్ల పాత రకం బల్బు, నేలకు అడుగున్నర ఎత్తులో. ఎల్‌ఈడీ బల్బు వేడివ్వదు. వేడి ఎక్కువైతే పిల్ల రెండో కొసకి జరగడానికి వీలుండాలి. ఏడు వారాల పిల్లకి మామూలుగా బల్బు అక్కర్లేదు. కానీ నెత్తురు పోయి, ఈకలు పోయి, బయట ముసురు పడుతున్నప్పుడు పాదాలు చల్లబడతాయి. పాదం పట్టుకుంటే చల్లగా తగిలితే బల్బు వేయాలి. పెట్టె మొత్తం దోమతెరతో మూయాలి. ముఖ్యంగా ఈగల కోసమే ఇది. దోమ కుట్టి కోడి మశూచి రాకుండా కూడా పనికొస్తుంది.

తాగడానికి మొదటి రోజు మాత్రం లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టిన చెంచాలు. మరుసటి రోజు నుంచి మామూలు నీళ్లు. నోరు తెరిచి పోయకూడదు. నాలిక వెనకే ఊపిరి గొట్టం ద్వారం ఉంటుంది, నీళ్లు నేరుగా అందులోకి పోతాయి. ముక్కు కొసను నీటిలో ముంచి వదిలితే తనే తాగుతుంది.

రెండో రోజు

రాత్రి తినలేదు. రెట్ట పచ్చగా, కొంచెమే ఉంది. కడుపులో మేత లేక పిత్తరసం ఒక్కటే పడుతోందని దాని అర్థం. ఉడికించిన గుడ్డు పచ్చసొన సగం, చోడి (రాగి) అంబలిలో మెదిపి, ముక్కుకి కొంచెం రాస్తే నాకి, తరవాత గిన్నెలోకి వచ్చింది. గుడ్డు కలిపింది రెండు గంటలకు మించి ఉంచకూడదు, ఈ ఉక్కలో పులుస్తుంది. గిన్నె పెట్టినప్పుడు వేలితో టకటకా తట్టడం పాత చిట్కానే, పనిచేస్తుంది. పక్కన ఇంకో కోడి పొడుచుకు తింటోందనుకుంటుంది.

కడగడం ఉదయం, సాయంత్రం. ఈగ గుడ్లు బియ్యపు నూకలా తెల్లగా, ఈకల మొదళ్లలో గుంపుగా అంటుకుంటాయి. గాయం మధ్యలో కంటే అంచుల కింద, రెట్ట ద్వారం చుట్టూ వెతకాలి. ఈ తడి వేడిలో అవి ఒక్కరోజు లోపే పురుగవుతాయి కాబట్టి రోజుకోసారి చూడటం చాలదు. కనిపిస్తే పట్టకారుతో తీసి, ఉప్పునీటి ధారతో మళ్లీ మళ్లీ కడగాలి. పశువుల గాయానికి పోసే కర్పూర తైలం కోడిపిల్ల మీద పోయకూడదు. గాయానికి అంగుళం దూరంలో, ఈకల మీద వేపనూనె వేలితో అద్దితే ఈగ వాలదు. గాయంలో మాత్రం పడకూడదు.

మూడో రోజు: 388 గ్రాములు

గాయం చుట్టూ తోలు ఆకుపచ్చగా మారింది. ఇది చూసి కుళ్లిందనుకుని పిల్లను కోసేసే వాళ్లున్నారు. కోడికి కమిలిన చోట నీలం కాదు, ఆకుపచ్చ వస్తుంది. విరిగిన నెత్తురు నుంచి పుట్టే పచ్చ పదార్థం మన ఒంట్లో తరవాత పసుపుగా మారుతుంది. కోడి ఒంట్లో ఆ మార్పు జరగదు, పచ్చగానే నిలిచి మెల్లగా పోతుంది. కుళ్లితే గుర్తులు వేరు: దుర్వాసన, తడిగా నల్లబడటం, ముట్టుకుంటే చల్లగా ఉండటం.

చీము సంగతి కూడా ఇలాంటిదే. కోడి చీము కారదు. జున్నుముక్కలా గట్టిగా, పసుపుగా గడ్డ కడుతుంది. "చీము కారట్లేదు కదా" అని ధీమాగా ఉండకూడదు. అంచు పక్కన వేలితో నొక్కినప్పుడు గట్టిగా ఉండలా తగిలితే డాక్టరు దగ్గరికే. ఈ పిల్లకి అలాంటిదేమీ తగల్లేదు.

బరువు 22 గ్రాములు తగ్గింది. మూడో రోజుకి ఇంత తగ్గడం మామూలే. ఐదో రోజుకి కూడా తగ్గుతూ ఉంటే లోపల ఏదో ఉన్నట్టు.

నాలుగు, ఐదు రోజులు: 395

గాయం అడుగున ఎర్రగా, చిన్న చిన్న గింజల్లా కొత్త కండ. ఇప్పటినుంచి కడగడం రోజుకి ఒక్కసారి. పదేపదే కడిగితే ఆ గింజలు రాలిపోతాయి. అయోడిన్ ఆపేసి ఉప్పునీరు ఒక్కటే. రెట్ట మళ్లీ మామూలుగా గట్టిపడి, పైన తెల్ల టోపీలా వచ్చింది. మధ్యమధ్యలో ఒకటి గోధుమరంగులో జిగటగా, కంపు కొడుతూ పడుతుంది. అది పేగు చివరి సంచుల్లోంచి వచ్చేది, జబ్బు కాదు. తెల్లవారుజామున మెడ కింద మేతసంచి ఖాళీగా ఉందా, సాయంత్రం నిండిందా అని చేత్తో చూడాలి. పొద్దున్న కూడా నిండుగానే ఉంటే అరగట్లేదన్నమాట.

ఎనిమిదో రోజు: 425

పొడి పెచ్చు కట్టింది. దాన్ని ఊడదీయకూడదు. పసుపు రాయాలనుకునే వాళ్లు ఇప్పుడు కొబ్బరినూనెలో కలిపి పలచగా రాసుకోవచ్చు. లాభం ఒకటుంది, ఎరుపు కనబడకుండా పోతుంది.

ఇక్కడిదాకా గాయం పని. అది తేలికైన సగం. ఒంటరిగా వారం గడిపిన పిల్ల గూట్లోకి వెళ్తే మిగతావాటికి అది కొత్తకోడి. ఎనిమిదో రోజు నుంచి పెట్టె తీసేసి, గూట్లోనే ఒక మూల అర అంగుళం కన్ను ఇనుప వలతో రెండడుగుల గది కట్టి అందులో ఉంచడం జరిగింది. చూసుకోవచ్చు, పొడవలేవు. కన్ను పెద్దదైతే ముక్కు దూరుతుంది. రెండు వైపులా మేత గిన్నెలు వలకి ఆనించి పెడితే పక్కపక్కనే తినడం అలవాటవుతుంది.

అసలు ఎందుకు పొడిచాయన్నది ఈ లోపే తేల్చాలి, లేకపోతే రేపు ఇంకో పిల్ల. ఈ గూట్లో కారణాలు మూడు. పద్నాలుగింటికి ఉన్న నేల పది చదరపు అడుగులు. ఈ వయసుకి పిల్లకి ఒక చదరపు అడుగు కనీసం, నెలన్నర పెద్దవాటికి రెండు. రోజంతా మూసి ఉంచితే అదీ చాలదు. రెండోది, చిన్నా పెద్దా కలిపేయడం. అసీల్ నెత్తురున్న పిల్లలు చిన్నప్పట్నుంచే తగువులాడతాయి. మూడోది, మేతంతా నూకలే. బయట తిరిగే రోజుల్లో చెదలు, పురుగులు ఏరుకుని మాంసకృత్తులు తెచ్చుకునేవి. ముసుర్లో అది ఆగిపోయింది. మాంసకృత్తులు చాలని కోడి పక్కదాని ఈక తింటుంది.

కిలో మేతకి మార్చిన లెక్క: నూకలు 450 గ్రాములు, చోళ్లు 150, తవుడు 150, వేరుశనగ చెక్క 170, ఎండు నెత్తళ్ల పొడి 60, గుల్ల పొడి 20. మాంసకృత్తులు సుమారు 17 శాతం వస్తాయి. తీరంలో ఇసకమీద ఆరబెట్టిన నెత్తళ్లు చవక, కానీ కడిగి ఇసక తీసి మళ్లీ ఎండబెట్టి దంచాలి. ఉప్పు పట్టించిన ఎండుచేప అయితే రాత్రంతా నానబెట్టి నీళ్లు పారబోయాలి, ఎక్కువ ఉప్పు పిల్లల్ని చంపుతుంది. చెక్క బూజు వాసన వస్తే పశువులకి కూడా పెట్టొద్దు. ఆరు వారాల లోపు పిల్లలకి ఈ మిశ్రమం చాలదు, స్టార్టర్ మేతే పెట్టాలి.

తోటకూర కట్ట ఒకటి కోళ్ల తల ఎత్తులో తాడుతో వేలాడదీస్తే ముసురు రోజున పొడవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. గూట్లో బల్బు ఉంటే తగ్గించాలి, వెలుగెక్కువైతే పొడుపెక్కువ.

పద్నాలుగో రోజు: 490

పెచ్చు తనంతట ఊడింది, కింద గులాబీ రంగు తోలు. ఇవాళే కలిపేయాలనిపిస్తుంది, ఆగాలి. ఈకలు మొదలంటా ఊడినచోట కొత్త ఈకలు ముళ్లలా పైకి వస్తున్నాయి. వాటి కాడ నిండా నెత్తురే. ఒక్క పోటుకి ధార కడుతుంది, కథ మొదటికొస్తుంది. ఈ దశలోనే మానిన పిల్లలు రెండోసారి పోతాయి.

దానికి బదులు గుంపులోంచి పొడిచేదాన్ని తీయడం జరిగింది. అరగంట కదలకుండా కూర్చుని చూస్తే తెలిసిపోతుంది, సాధారణంగా ఒకటో రెండో మొదలుపెడతాయి, మిగతావి వెంటపడతాయి. ఇక్కడ ఒక పెద్ద పెట్ట. దాన్ని కొన్ని రోజులు వేరే గంప కింద, కనబడనంత దూరంలో ఉంచాం. తిరిగొచ్చేసరికి దాని పెత్తనం పోయి, అదే కొత్తకోడి అవుతుంది.

పద్దెనిమిదో రోజు

ముళ్ల చివర్లు విచ్చుకుని ఈక కనిపిస్తోంది. మొదట నెమ్మదైన పిల్ల నొకదాన్ని వల గదిలోకి పంపి రెండు రోజులు జోడీగా ఉంచి, తరవాత చీకటిపడ్డాక ఇద్దర్నీ దండె మీద మిగతావాటి పక్కన కూర్చోబెట్టడం. రాత్రి కలిపితే చాలదు, తెల్లవారగానే మనిషి అక్కడ ఉండాలి. అసలు తగువు గూడు తెరిచిన మొదటి అరగంటలో. మేత గిన్నెలు మూడు, నీళ్లు రెండు చోట్ల, దాక్కోవడానికి గోడకి వాలుగా ఒక చెక్క. ఒక్క పోటు, తరిమి వదిలేయడం మామూలు, కలగజేసుకోకూడదు. మూలకి నెట్టి తోక మీదే పొడుస్తుంటే, లేదా చుక్క నెత్తురు కనిపించినా, వెంటనే వల వెనక్కి, మరో మూడు రోజులు.

ఇక్కడ తరుముడు ఉదయం పదింటికి ఆగింది. ఆ తరవాత పెద్ద పెట్టను వదిలితే గోల చేయకుండా వెనకనే తిరిగింది.

ఇరవై నాలుగో రోజు: 610

వీపున ఈక సగం పొడవు వచ్చింది. రెండు తోక ఈకలు మాత్రం రాలేదు. అవి ఊడలేదు, మధ్యకి విరిగాయి. విరిగిన మొదలు ఈకలు మార్చుకునే కాలం వరకు అలాగే ఉంటుంది, పీకి పని పెంచుకోనక్కర్లేదు. ఎనిమిదో వారంలో వేయాల్సిన కొక్కెర తెగులు (రానిఖెట్) ఆర్‌టూబీ టీకా గాయం వల్ల ఆపింది. బరువు పెరుగుతోంది, రెట్ట బాగుంది కాబట్టి రేపు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, అర మిల్లీలీటరు చొప్పున గుంపు మొత్తానికీ ఒకేసారి.