రాత్రంతా మగ్గే రొట్టె

రై అనే, గోధుమను పోలిన ధాన్యపు పిండితో చేసి ఐస్‌లాండ్ వాసులు రూగ్‌బ్రొయ్ద్ అని పిలిచే రొట్టెను నేను ఇంట్లో చేయడం ఇది నాలుగోసారి. మొదటిసారి మామూలు కేకులాగే మూత లేకుండా 180 డిగ్రీల వేడిలో పెట్టాను. గంట గడిచేసరికి పైభాగం పెంకులా గట్టిపడింది, లోపలంతా జిగురుగా, పచ్చిగా మిగిలింది. దీన్ని సెగకు కాల్చకూడదని, దాని ఆవిరిలోనే దాన్ని మగ్గనివ్వాలని ఆ రోజే తెలిసింది.

ఆ దేశంలో ఈ పద్ధతి ఏర్పడడానికి కారణం వంటచెరకు కరువే. ఉన్న కొద్దిపాటి అడవులూ తరిగిపోయిన నేల మీద, పిండిముద్దపై కుండ బోర్లించి, ఆరిపోబోతున్న నిప్పుల వేడిలో రాత్రంతా వదిలేసేవారు. వేడినీటి బుగ్గలున్న చోట నిప్పుతో కూడా పని లేదు. లొయ్గార్వాత్న్ సరస్సు ఒడ్డున నేటికీ పిండి నింపిన పాత్రకు గట్టిగా మూత బిగించి, ఉడుకుతున్న నల్లని ఇసుకలో పాతిపెట్టి, 24 గంటల తరువాత తవ్వి తీస్తారు.

మన ఇంట్లో భూమి ఉడకదు కనుక ఓవెన్‌నే ఆశ్రయించాలి. 2 కప్పుల రై పిండి (రై అంటే రాగులు కావు, హిందీవారి ఆవాలు అసలే కావు), 1 కప్పు గోధుమపిండి, 2 చెంచాల బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా, 1 చెంచా ఉప్పు కలిపి, అందులో అర లీటరు చిక్కటి మజ్జిగ, 1 కప్పు గోల్డెన్ సిరప్ (బంగారురంగు చక్కెర పాకం) పోయాలి. సిరప్ దొరకనప్పుడు నేను లేత బెల్లం పాకం వాడాను. రుచి బాగానే ఉంది కానీ, అది ఐస్‌లాండ్ రుచి అని చెప్పుకోలేను. పిసికే పని లేదు, పులియబెట్టే పనీ లేదు. గరిటెతో ఎత్తితే ముద్దగా జారే ఈ పిండిని, లోపల వెన్న రాసిన స్టీలు డబ్బాలో మూడింట రెండు వంతులు మాత్రమే నింపి, మూత పెట్టి, అంచు చుట్టూ అల్యూమినియం రేకు బిగించి, 100 డిగ్రీల వద్ద 8 గంటలు ఉంచాలి. అక్కడి ఇళ్లలో డబ్బాకు బదులు ఖాళీ పాల అట్టపెట్టెలు వాడడమూ ఉంది.

ఇంత సమయం ఎందుకంటే, రై పిండిలో గోధుమలోలాగా సాగే జిగురు అల్లిక ఏర్పడదు. రొట్టెను నిలబెట్టేది ఉబ్బిన పిండిపదార్థమే. వేడి మెల్లగా ఎక్కుతున్నప్పుడు గింజలోని ఎంజైములు ఆ పిండిపదార్థంలో కొంత భాగాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ తరువాతి గంటల్లో చక్కెరలూ మాంసకృత్తులూ కలిసి రొట్టెను తేనెరంగు నుంచి ముదురు గోధుమరంగుకు తీసుకువెళతాయి. అందుకే దీని తీపిలో పోసిన పాకం కంటే లోతైన రుచి ఒకటి ఉంటుంది.

వేడిగా కోస్తే కత్తికి అంటుకుంటుంది కనుక మరునాటి వరకు ఆగడం మేలు. పలుచని ముక్కపై ఉప్పు వెన్న మందంగా రాసి, పొగపట్టిన చేపతో తింటారు. శాకాహారులకు వెన్న ఒక్కటే చాలు. ఒకేసారి రెండు ముక్కలకు మించవద్దని మాత్రం నా సలహా. ఇందులోని పీచు కడుపులో చేసే గోలను బట్టి, ఐస్‌లాండ్ వారే దీనికి ఉరుము పేరు పెట్టుకున్నారు.